చేటెడు తవుడు

మద్రాసు,
జులై 4, 1972.

అన్నయ్యకు హైమ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. వాన పడిందనీ, అమ్మ మోకాలు నొప్పి తగ్గిందనీ, పాండురంగయ్యగారి కొట్లో కొత్త విత్తనాలు దిగాయనీ రాశావు. ఆ తరువాత నీ సంతకం. రోజూ కొట్టు కట్టేశాక నువ్వు రాసే చిట్టాలో కూడా ఇంతకంటే కబుర్లుంటాయి. చెల్లెలికి రాసే ఉత్తరంలో పొదుపెందుకో నాకు తెలియదు.

ఇక్కడ నా పని మారింది. ఇదివరకు ప్రయోగశాలలో రక్తం చూసేదాన్ని. ఇప్పుడు కృపారావు డాక్టరుగారు నన్ను మూలుగ చూడమని కూర్చోబెట్టారు. మూలుగ అంటే ఎముకల లోపల ఉండే మెత్తని గుజ్జు. మన ఒంట్లో రక్తమంతా పుట్టేది అక్కడే. మంచి మూలుగను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆదివారం పొద్దున మన ఊరి గోల్ బజారులా ఉంటుంది. కాలు పెట్టడానికి చోటుండదు. నిన్న చూసినది మాత్రం బంద్ రోజు గోల్ బజారు. అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతాదంతా కొవ్వు.

ఆ మూలుగ వెంకటరావు అనే పేషెంటుది. వాల్తేరులో రైలు పెట్టెలకు రంగులు వేసే షెడ్డులో పని. నీ ఈడువాడే. పళ్ళ చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. పైనుంచి రక్తం ఎక్కిస్తూ నిలబెడుతున్నారు. తోడబుట్టినవాళ్ళ మూలుగ సరిపడితే తీసి ఎక్కించవచ్చునని డాక్టరుగారి ఆలోచన. కాని అతనికి తోబుట్టువులు లేరట. తల్లి కూడా వచ్చింది. పేరు చిలకమ్మ. నాది ఖరగ్‌పూరని తెలిసి, ఏ లైన్లో మీ క్వార్టరు అని అడిగింది. చెప్పాను. ఆ తరువాత నాతో మాట్లాడడం మానేసింది. ఏం తప్పు మాట్లాడానో తెలియలేదు.

ఒక తమాషా. ఆ వెంకటరావు నవ్వే ముందు నీలాగే తల వంచుకుని నేల వైపు చూస్తాడు. మొహం ఉబ్బిపోయి, గడ్డం పెరిగి ఉంది కాబట్టి మిగతా పోలికలు చెప్పలేను. ఆ ఒక్కటీ చూసినప్పుడు మాత్రం ఇల్లు గుర్తొచ్చింది.

అమ్మకు తైలం మానవద్దని చెప్పు.

హైమ

•

ఖరగ్‌పూర్,
జులై 11.

చి. హైమకు దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. సుభాష్‌పల్లి వైపు నీళ్ళు నిలిచాయి. మన పూరీ గేట్ దగ్గర పర్వాలేదు. అమ్మ తైలం రాస్తోంది.

ఒక సంగతి అడుగుతాను. పిల్లలెంతమంది అని డాక్టరుగారు అడిగితే ఆ చిలకమ్మ ఏమంది? ఆమె అన్న మాట అన్నట్టే రాయి. అతనికి పెళ్ళయిందా? అన్నం తింటున్నాడా?

కొండలరావు

•

మద్రాసు,
జులై 17.

అన్నయ్యకు,

నాకు ఊహ తెలిశాక నువ్వు ఒకేసారి ఇన్ని ప్రశ్నలు వేయడం ఇదే మొదటిసారి. సరే, రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే డాక్టరుగారు మళ్ళీ అడిగారు. నేను పక్కనే ఉన్నాను. పిల్లలెంతమందమ్మా అంటే, "ఒక్కడే బాబూ" అంది. పోయినవాళ్ళు ఉన్నారా అంటే, "ముందు ముగ్గురు పురిట్లోనే పోయినారు. ఆల తర్వాత ఈడొక్కడే" అంది. బాగా గుర్తు తెచ్చుకోమని డాక్టరుగారు అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. "కన్నదాన్ని నేను. నాకు గేపకం ఉండదేటి?"

డాక్టరుగారు గమనించారో లేదో గాని నేను చూశాను. జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ఆమె తలుపు వైపు చూసింది, అక్కడ ఎవరో నిలబడి వింటున్నట్టు.

వెంకటరావుకు భార్య, ఇద్దరాడపిల్లలు ఉన్నారు. వాళ్ళు వాల్తేరులోనే ఉన్నారు. అన్నం పెట్టిన చోటే ఉంటోంది.

మందు ఎందుకు లేదని అడుగుతావేమో. మూలుగలో వేలవేల కణాలుంటాయి. వాటిలో బహు కొద్ది మాత్రమే తక్కినవాటన్నిటినీ పుట్టిస్తాయి. నేను వాటిని మూలకణాలు అంటాను. వాల్తేరు షెడ్డులో రంగు పలచబరచే నూనె వాసన ఏళ్ళ తరబడి పీల్చి అతని మూలకణాలు చచ్చిపోయి ఉంటాయని డాక్టరుగారి అనుమానం. అవి లేనప్పుడు ఎన్ని సీసాల రక్తం ఎక్కించినా ఆ పూటకే. పరాయివాళ్ళవి ఎక్కిస్తే ఒళ్ళు నిలవనివ్వదు. ఈ శీతాకాలం దాటడం కష్టమంటున్నారు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఎందుకడిగావు?

హైమ

•

ఖరగ్‌పూర్,
జులై 26.

చి. హైమకు,

రాసి చించినవి చించగా మిగిలిన ఉత్తరం ఇది.

చిలకమ్మకు ఇద్దరు. రెండోవాణ్ణి నేను.

ఆ రోజుల్లో వాళ్ళది మన పక్క క్వార్టరు. ముందు పుట్టినవాళ్ళు వరసగా పోతే, తరవాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటికి తవుడుకు అమ్మడం మనవాళ్ళలో ఉంది. బిడ్డ ఆ ఇంటివాడు కాదని నమ్మి చావు వెనక్కు పోతుందంటారు. అమ్మినదాన్ని నిలబెట్టుకోవాలంటే కన్నతల్లి ఇక ఎన్నడూ 'వీడు నా బిడ్డ' అని నోటితో అనకూడదు. ఎవరు అడిగినా లెక్కలో చెప్పకూడదు.

ఆమెకు కవలలు పుట్టారు. మొదటివాడు పుష్టిగా ఉన్నాడు. నేను పిల్లికూనలా ఉన్నానట. నన్ను అమ్మింది. అమ్మ చేటెడు తవుడు ఇచ్చి కొంది. బారసాల దాకా అమ్మ దగ్గర ఉంచి, తరవాత పెంచుకోవడానికి తిరిగి తీసుకుపోవడం పద్ధతి. ఈలోగా వాళ్ళాయనకు వాల్తేరు బదిలీ వచ్చింది. బయలుదేరే రోజున చిలకమ్మ మన గుమ్మం దాకా వచ్చి, నేను అమ్మ భుజం మీద నిద్రపోతుంటే చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయిందట. నువ్వు పుట్టింది చాలా ఏళ్ళ తరవాత.

నేను కొట్లో పనికి కుదిరిన రోజున నాన్న ఇదంతా చెప్పాడు. నాకు తెలుసునని అమ్మకు తెలియదు. నువ్వు చిన్నదానివని నీకు చెప్పలేదు. పెద్దదానివయ్యాక చెప్పవలసిన అవసరం కనపడలేదు.

నువ్వు నా చెల్లెలివి. ఇలాంటివి రాయడం నాకు చేతకాదు. అయినా రాశాను.

డాక్టరుగారికి చెప్పు. నా దగ్గర పనికొచ్చేది ఏది ఉన్నా తీసుకోమను.

కొండలరావు

•

మద్రాసు,
ఆగస్టు 3.

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చదివాను. మొదట కోపం వచ్చింది. నన్ను ఎత్తుకుని ట్రాఫిక్ కాలనీ బడికి తీసుకెళ్ళినవాడివి, నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసినవాడివి, ఇంత మాట నాకు చెప్పకుండా ఇన్నేళ్ళు ఎలా ఉన్నావు? తరువాత ఇంకోటి తోచింది. చెప్పి ఉంటే నేను నిన్ను వేరేగా చూసేదాన్నేమోనని నీకు భయం. అది తోచాక కోపం పోయి ఏడుపు వచ్చింది. అది కూడా అయిపోయింది. ఇప్పుడు పని మాట.

డాక్టరుగారు నీ సంగతి విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలైతే ఇంతకంటే మంచి మూలుగ లోకంలో దొరకదట. ముందు అది రుజువు కావాలి. మీ ఇద్దరి చేతుల మీదా చిన్న చర్మం ముక్క తీసి ఒకరిది ఒకరికి అతికిస్తారు. ఒకే అండం కవలలైతే ఆ ముక్క బతుకుతుంది. కాకపోతే నల్లబడి రాలిపోతుంది.

ఇక్కడే బండి ఆగింది. నేను చిలకమ్మ దగ్గరకు వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని, నేను సింహాచలమ్మ కూతుర్నని చెప్పాను. ఆమె నా చుబుకం పట్టుకుని చూసి, వెంటనే చెయ్యి తీసేసింది. ఎంత చెప్పినా ఒకటే మాట. "అమ్ముకున్న బిడ్డ మీద నాకేటి హక్కు తల్లీ? నా బిడ్డ అని నోరు తెరిసినానంటే అమ్మకం సెడిపోతాది. ఇద్దర్నీ ఒక్కసారే సావు పట్టుకుపోతాది."

వెంకటరావు మంచం మీదనుంచి ఇదంతా విన్నాడు. తనకొక తోడబుట్టినవాడున్నాడని అతనికి ఇప్పుడే తెలిసింది. "ఆయన పేరేటి?" అని అడిగాడు. చెప్పాను. తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. డాక్టరుగారు సంతకం పెట్టమంటే మాత్రం, "అమ్మ ఒప్పితేనే బాబూ. నా బతుకు కోసం ఆవిడ భయాన్ని తొక్కలేను" అన్నాడు.

ఇదివరకు ఎక్కించిన రక్తం పదిరోజులు ఆగేది. ఇప్పుడు వారం ఆగడం లేదు. ఏం చేయాలో చెప్పు.

హైమ

•

ఖరగ్‌పూర్,
ఆగస్టు 10.

చి. హైమకు,

అమ్మకు చెప్పాను. అప్పుడు చేటతో ఉప్పుడు బియ్యం చెరుగుతోంది. నాకు తెలుసునన్న సంగతి ఎలా మొదలుపెట్టాలో తోచక నిలబడ్డాను. తలెత్తకుండానే, "నీకు తెలుసని నాకు ఎప్పుడో తెలుసు. మీ నాయన కడుపులో మాట ఆగుతాదేటి?" అంది.

నీ ఉత్తరాలు చదివి వినిపించాను. చిలకమ్మ అన్న మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. విని, చెరగడం పూర్తి చేసింది. తరవాత అన్నది ఇది.

"దాని భయం దానిది. తప్పు కాదు. నేను నిన్ను తిరిగి అమ్మను. కొన్న బిడ్డను అమ్ముకోడానికి నేను బేరగత్తెను కాను. సేబదులు ఇస్తాను. పక్కింటికి గిద్దెడు ఉప్పు సేబదులు ఇస్తే ఆ ఉప్పు ఆలదైపోతాదా? పని తీరినాక ఇచ్చుకోవాల. అమ్మకం అమ్మకంలాగే ఉంటాది. సావుకీ ఈ లెక్క తెలుస్తాది."

ఎప్పుడు నేర్చుకుందో ఈ లెక్క, నేను అడగలేదు. ఆ చేటలోదే పిడికెడు తవుడు తీసి, గుడ్డముక్కలో మూటకట్టి నా చేతికిచ్చింది. చిలకమ్మ వాసన చూసి గుర్తుపడుతుందంది.

పాండురంగయ్యగారిని సెలవు అడిగాను. కారణం చెబితే నమ్మలేదు. ఎముకలో గుజ్జు ఇవ్వడానికి వెళ్తున్నావా, నీ ఒంట్లో ఎముకలు తప్ప ఇంకేముంది అన్నారు. దారి ఖర్చుకు అడగకుండానే ఇచ్చారు.

రేపు మద్రాసు మెయిలు ఎక్కుతున్నాను. ఈ ఉత్తరం కూడా బహుశా అదే బండిలో వస్తుంది.

కొండలరావు

•

మద్రాసు,
ఆగస్టు 29.

అన్నయ్యకు,

నువ్వు బండి ఎక్కి వెళ్ళాక గది ఖాళీగా ఉంది. ఇన్ని రోజులు ఇక్కడ ఉన్నావు. పక్కనే ఉండి కూడా ఉత్తరాల్లో కంటే తక్కువ మాట్లాడావు.

చర్మం తీయబోయే ముందు నిన్ను లోపల పరీక్షిస్తున్నప్పుడు బయట జరిగింది నీకు చెప్పలేదు. నీ ఎదుట చిలకమ్మ ఎంత ముక్తసరిగా ఉందో చూశావుగా. నువ్వు నమస్కారం పెడితే "కూకో బాబూ" అంది, నువ్వు కూర్చున్నావు. అంతే. మీరిద్దరూ ఒకటే బాపతు. నువ్వు లోపలికి వెళ్ళాక, అమ్మ చెప్పిన చేబదులు మాట నేను చెబితే ఆమె ఆ మూట విప్పింది. వాసన చూసింది. "సింహాచలం ఇంకా బెంగాలోళ్ళ ఉప్పుడు బియ్యమే సెరుగుతున్నాదా?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మళ్ళీ మూట కట్టి కొంగున ముడేసుకుని, "సేబదులంటే సరే. సేబదులుకి నాకు భయం లేదు. ఇచ్చేస్తానని సెప్పు మీ అమ్మకి" అంది. వెంకటరావు కాగితం మీద సంతకం అప్పుడు పెట్టాడు.

మీ ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని ఒకేసారి నేల వైపు చూసి నవ్వినప్పుడు వార్డులో నర్సులంతా పని మానేశారు. ఆ సంగతి నీకు తెలియదు. నువ్వు నేల చూస్తున్నావు.

ఇప్పుడు రాయవలసిన అసలు మాట. నీ దగ్గర దాచను. నువ్వు నా దగ్గర దాచినదానికి బదులు తీర్చుకోవాలని లేదు.

వెంకటరావు మూలుగ ఎండిపోవడానికి కారణం ఆ రంగునూనె అని అనుమానమే గాని రుజువు లేదు. ఒకవేళ అది పుట్టుకతోనే ఉన్న లోపమైతే, ఒకే అండం వాడివి కాబట్టి నీలోనూ అది దాగి ఉండవచ్చు. అలా అయితే నీ మూలుగ అతనికి పనికిరాదు. అంతేకాదు. మిగతాది నేను రాయలేను, నువ్వు గ్రహిస్తావు. అందుకే నీ తుంటి ఎముక నుంచి కొంచెం మూలుగ తీసి నాకిచ్చారు. దాని నాణ్యం చూసి చెప్పాలి.

మొదటి పరీక్ష నీలిరంగుతో. చచ్చిన కణం రంగును లోపలికి రానిస్తుంది, నీలంగా అయిపోతుంది. బతికున్న కణం తలుపు వేసుకుంటుంది, తెల్లగా ఉండిపోతుంది. నీవి దాదాపు అన్నీ తలుపులు వేసుకుని కూర్చున్నాయి. ఎవరి కణాలో చెప్పనక్కరలేదు.

కాని బతికి ఉండడం ఒకటి, పిల్లల్ని పెట్టగలగడం ఒకటి. కణాలు ఎన్ని ఉన్నా, ఎంత తెల్లగా ఉన్నా, వాటిలో మూలకణాలు ఉన్నాయా, ఉంటే సత్తువతో ఉన్నాయా అని చూపు చెప్పదు. అందుకని సముద్రపు నాచుతో చేసిన జున్నులాంటి పదార్థంలో వాటిని చల్లి, పళ్ళేల్లో పోసి, ఒంటి వేడిలో ఉంచాం. మంచి మూలకణమైతే ఉన్నచోటే గుంపు కడుతుంది. రెండు వారాలు పడుతుంది. పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగ ఒకటి కావలసి వచ్చింది. నాదే తీయించుకున్నాను. తుంటి ఇంకా నొప్పిగానే ఉంది. నువ్వు నొప్పి అనలేదు కాబట్టి నేనూ అనలేదు.

నీ పళ్ళెం, నా పళ్ళెం పక్కపక్కనే ఉన్నాయి. అమ్మ వడ్డించినట్టు.

హైమ

•

ఖరగ్‌పూర్,
సెప్టెంబరు 6.

చి. హైమకు,

చర్మం ముక్క గులాబి రంగులో ఉంది. నలుపు లేదు. అంచులు కలుస్తున్నాయి. అమ్మ రోజూ పొద్దున నా చొక్కా చెయ్యి పైకి తోసి చూస్తుంది. "ఆడు కుదురుగా కూకున్నాడు" అంటుంది. ఆ ముక్కను ఆడు అనే అంటుంది. నిన్న, ఆడికి ఎండ తగలనివ్వకు అంది. పాండురంగయ్యగారు, నీ చేతి మీద పరాయివాడు కాపురం పెట్టాడే, అద్దె వసూలు చేస్తున్నావా లేదా అని అడుగుతున్నారు.

నీ పరీక్ష సంగతి అర్థమయింది. కొట్లో విత్తనాలు అమ్మేవాణ్ణి. మొన్న ఇందా పేట నుంచి ఒక బెంగాలీ దాదా బీరవిత్తులు కొనడానికి వచ్చి నిగనిగలాడేవి ఏరుకుంటుంటే, మెరుపు చూడవద్దు, తడి గోనెలో కట్టి మొలక చూసుకోమన్నాను. అదే మాట నీ ఉత్తరంలో చదివాను.

ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఉన్నది ఉన్నట్టు రాయి. నాకోసం మెత్తబరచకు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్ములో ఎరుపు ఉందేమోనని చూస్తున్నాను. ఇంతవరకు లేదు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. అతనికి నా వల్ల మేలు కాదని తేలితే మాత్రం ముందు అతనికి ఏం చేస్తారో అది రాయి. నా మాట తరవాత.

నీ తుంటికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

కొండలరావు

•

మద్రాసు,
సెప్టెంబరు 14.

అన్నయ్యా,

మొలకెత్తాయి.

మొదటి వాక్యం అదే రాయాలని పోస్టాఫీసు దాకా అనుకుంటూ వచ్చాను. ఇక్కడే నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే బల్లది తప్పు.

ఈ పొద్దున పళ్ళేలు బయటికి తీశాం. చూడడం నా పని. నేను చూడలేకపోయాను. కళ్ళు మండుతున్నాయని అబద్ధం చెప్పి, కృపారావు డాక్టరుగారినే చూడమన్నాను. ఆయన కూర్చుని చూశారు. చూస్తూనే ఉన్నారు. పళ్ళేన్ని తిప్పి మళ్ళీ చూశారు. లేచి, సూక్ష్మదర్శినిని నా వైపు జరిపారు.

ఎన్ని గుంపులు అన్నయ్యా. వాకిట్లో ముగ్గు వేయబోతూ చుక్కలు పెట్టినట్టు, పళ్ళెం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఒక్కొక్క చుక్కా ఒక్క కణం నుంచి పుట్టిన గుంపు. కొన్ని చిన్నవి, కొన్ని నిండు గుండ్రంగా, బలిసి ఉన్నాయి. వెంకటరావుది కూడా ఒక పళ్ళెం పెట్టాం. అది పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఖాళీగా. మూడూ వరసగా పెట్టుకుని చూశాను. నీది నాదానికంటే నిండుగా ఉంది. చిన్నప్పుడూ అంతే. అమ్మ నీకే ఎక్కువ వడ్డించేది, నేను అలిగేదాన్ని. ఇవాళ అలగలేదు.

లోపం పుట్టుకలో లేదు. ఆ రంగునూనెదే పాపం. నీకు ఏ భయమూ లేదు, ఇక పళ్ళు తోముకుని ఉమ్ములోకి చూడడం మాను.

అతని చేతి మీద నీ చర్మం కూడా బతికింది. డాక్టరుగారు కట్టు విప్పి అందరినీ పిలిచి చూపించారు. చిలకమ్మ దగ్గరకొచ్చి ఆ ముక్క మీద ఒక్కసారి చెయ్యి ఆనించి తీసింది. అమ్మ 'ఆడు' అంటున్నదని చెబితే, "ఈడూ కుదురుగానే ఉన్నాడని రాయి" అంది.

రా. పాండురంగయ్యగారితో చెప్పు, ఎముకలతో పాటు ఇంకేదో ఉందని పళ్ళెంలో తేలిందని.

హైమ

•

మద్రాసు,
డిసెంబరు 2.

అన్నయ్యకు,

తుంటి మీద సూది గాయాలు మానాయని రాశావు. బస్తాలు ఎత్తకు.

నీ మూలుగ అతనికి ఎక్కించిన రోజున నీకు మెలకువ లేదు. చూడడానికి అందులో ఏమీ లేదు. మామూలు రక్తం సీసాలా వేలాడదీసి, చేతి నరంలోకి వదిలారు. మా నాయనమ్మ కూడా ఇంతకంటే ఆర్భాటంగా ఆముదం పట్టేదని ఒక నర్సు నవ్వింది. కాని ఆ కణాలకు దారి ఎవరూ చెప్పలేదు. నరాల్లో తిరిగి తిరిగి, ఎముకలు వెతుక్కుని, లోపలికి వెళ్ళి కూర్చున్నాయి. ఎలా తెలుసు వాటికి అని డాక్టరుగారిని అడిగితే, నాకూ తెలియదమ్మా అన్నారు.

ఆ తరువాత రోజులు నీకు చిన్న చిన్న కార్డులే రాశాను. రాయడానికి ఏమీ లేక కాదు. జ్వరం వచ్చింది, ముక్కు నుంచి నెత్తురు ఆగలేదు, రెండు రాత్రులు చిలకమ్మ కొంగుముడి పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. కార్డులో అవి రాసే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు రాయవచ్చు.

మొదట చిగుళ్ళు ఆరాయి. తరువాత ఒక పొద్దున అతని రక్తం చుక్క గాజు పలక మీద పూసి చూస్తుంటే అప్పుడే పుట్టిన ఎర్రకణాలు కనపడ్డాయి. రంగు వేస్తే లేత కణాల్లో నీలి వలలాంటి అల్లిక కనపడుతుంది, అలా పోల్చుకుంటాం. ఒకటి, రెండు, తరువాత పలక నిండా. నిన్న అతని మూలుగ మళ్ళీ తీశారు. నేనే చూశాను, ఈసారి కళ్ళు మండలేదు.

గోల్ బజారు తెరిచారు అన్నయ్యా. కాలు పెట్టడానికి చోటు లేదు.

రక్తం ఎక్కించి నెల దాటింది. ఇక అక్కరలేదు. నిన్న గారెలు కావాలని అడిగాడు, తిన్నాడు, ఇంకోటి అడిగాడు. షెడ్డులో రంగుల పని మాన్పించి గిడ్డంగిలో వేయమని డాక్టరుగారు వాళ్ళ ఆఫీసుకు రాశారు, ఒప్పుకున్నారు.

ఇవాళ ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుగారు చిలకమ్మను నవ్వుతూ, ఇప్పుడు చెప్పమ్మా పిల్లలెంతమంది అని అడిగారు. ఆమె మళ్ళీ తలుపు వైపు చూసింది. "ఆ సేబదులు తీర్చనివ్వు బాబూ ముందు" అంది. కొడుకు దూర ప్రయాణం తట్టుకోగలిగిన వెంటనే ఖరగ్‌పూర్ వస్తుందట. అమ్మకు చెప్పు.

హైమ

•

ఖరగ్‌పూర్,
ఫిబ్రవరి 20, 1973.

చి. హైమకు,

వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఈసారి నువ్వు పొదుపు అనకుండా రాస్తాను.

స్టేషనుకు నేను వెళ్ళాను. ఆ ప్లాట్‌ఫారం సంగతి నీకు తెలుసు, ఈ చివరనుంచి ఆ చివరికి మనిషి కనపడడు. వెంకటరావు మాత్రం కనపడ్డాడు. గడ్డం తీయించాడు, వాపు పోయింది. అద్దంలో చూసినట్టు ఉంది. టిక్కెట్లు చూసే బెంగాలీ బాబు మా ఇద్దరినీ చూసి ఒక్క టిక్కెట్టే తీసుకుని వదిలేశాడు. వెంకటరావు తన పెట్టె తానే మోశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చిలకమ్మ పూర్వం వచ్చి వెనుదిరిగిన గుమ్మం అదే. ఈసారి లోపలికి వచ్చింది. ఇద్దరూ కులాసా అడగలేదు. చిలకమ్మ కొంగుముడి విప్పి ఆ తవుడు మూట అమ్మ ఒళ్ళో పెట్టి, "నీ సేబదులు తీరిపోయినాది. నీ బిడ్డ నీకు ముట్టినాడు" అంది. అమ్మ మూట విప్పి చూసి, "పాడైపోనాది కదే, పురుగు పట్టినాది. కొత్తది తేవా?" అని కసిరింది. అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. మేమిద్దరం నేల వైపు చూశాం.

భోజనాలయ్యాక అమ్మ ఒక పని చేసింది. నాకు ముందు చెప్పలేదు. మూల నుంచి చేట తెచ్చి నడవలో పెట్టింది. వెంకటరావును పిలిచి, పడుకోబెట్టడానికి పట్టవు గాని ఇందులో కాళ్ళు పెట్టి నిలబడు అంది. అతను నా మొహం చూశాడు. నిలబడమని తల ఊపాను. చేటలో నిలబడ్డాడు. అమ్మ కొత్త తవుడు, మంచిది, జల్లించింది, ఒక మానిక తెచ్చి చిలకమ్మ కొంగులో పోసింది.

"ఈణ్ణీ కొనేసినాను. ఇంకెవరడిగినా ఈడు నీ ఇంట్లో లేడు."

చిలకమ్మ బేరం ఆడింది. ఇంత పొడుగువాడికి ఇంత తవుడేనా, ఆ పిల్లికూనకే చేటెడు ఇచ్చినావు అంది. అమ్మ ఇంకో దోసెడు పోసింది. దానికి చిలకమ్మ ఒప్పుకుంది. వెంకటరావు చేటలోంచి దిగాక అమ్మ అతని చొక్కా చెయ్యి పైకి తోసి నా చర్మం చూసింది, తరవాత నా చెయ్యి తోసి అతని చర్మం చూసింది. ఇప్పుడు ఏది ఎవరిదో కనిపెట్టడం కష్టం, రంగు కలిసిపోయింది.

వాళ్ళు నాలుగు రోజులున్నారు. రెండో రోజు సాయంత్రం పక్క క్వార్టరు దీదీ కవలలు వచ్చారట అని చూడడానికి వచ్చింది. మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూసి ఆశ్చర్యపోయి, చిలకమ్మను బెంగాలీలోనే అడిగింది, నీకు పిల్లలెంతమంది అని. చిలకమ్మకు ఆ భాష ఇంకా గుర్తుంది. అమ్మ వైపు చూసి నవ్వి, "నాకెవరూ లేరు దీదీ. ఇద్దరూ ఈవిడవే" అంది.

నేను ఆమెనే గమనిస్తున్నాను. తలుపు వైపు చూడలేదు.

నీ అన్నయ్య,
కొండలరావు